సొంత నుయ్యి ఉన్న ఆసామికి వీధి కుళాయి దగ్గర పనేమిటి?

ప్రశ్న: చీఫ్ గారూ, మా అల్లుడు క్రూడ్ ట్యాంకర్ మీద సెకండ్ ఇంజనీరు. ఓడ గల్ఫ్‌లోకి వెళ్తోందని తెలిస్తే చాలు, మా అమ్మాయి రాత్రంతా ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది. ఆ టెన్షన్ చూడలేకపోతున్నాను. నాదొక సందేహం. అందరికంటే ఎక్కువ చమురు తీసేది అమెరికాయే అంటారు కదా. మరి అంత దూరం యుద్ధనౌకలు వేసుకుని గల్ఫ్‌కి ఎందుకు వస్తుంది?
- ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. 1987లో నేను ఫోర్త్ ఇంజనీరుగా ట్యాంకర్ మీద సౌదీలోని చమురు రేవు రస్ తనూరా వెళ్లాను. అప్పటికి ఇరాన్, ఇరాక్ ఏడేళ్లుగా కొట్టుకుంటున్నాయి. ఒకరి చమురు మోసే ఓడల్ని రెండోవాళ్లు కొడుతున్నారు. లోడింగ్ అయ్యాక గల్ఫ్ నుంచి బయటపడే ఇరుకు దారి, హోర్ముజ్ జలసంధి దాటడానికి మాకు ఒకటిన్నర రోజు ప్రయాణం. రాత్రిళ్లు పోర్ట్‌హోళ్లకు నల్లగుడ్డలు కట్టాం. తగిలితే పేలే మైన్లు ఏమైనా నీళ్లలో తేలుతున్నాయేమో చూడమని డెక్ పనివాళ్ల పెద్ద సారంగు ఇద్దరు మనుషుల్ని ఓడ ముందు భాగంలో నిలబెట్టాడు. ఓడను నడిపే గది, అంటే బ్రిడ్జి మీద రేడియోలో ఇరాన్ గస్తీ పడవ అడుగుతోందని కబురొచ్చింది: ఓడ పేరేమిటి, ఎక్కడి నుంచి, ఎక్కడికి? నేను ఇంజన్ రూంలో, నీటిమట్టానికి కింద ఉన్నాను. లైఫ్ జాకెట్ చేతికందేంత దూరంలో పెట్టుకుని పంపులు చూసుకున్నాను. మీ అమ్మాయి భయం ఉత్త భయం కాదని నాకు బాగా తెలుసు.

ఇక మీ సందేహం. ఆ ఏడాదే గల్ఫ్‌లో జరిగిన ఒక సంగతి చెబితే సగం జవాబు అందులోనే దొరుకుతుంది. కువైట్ తన ట్యాంకర్లకు రక్షణ కావాలని అమెరికానూ అడిగింది, సోవియట్ యూనియన్‌నూ అడిగింది. సోవియట్ వాళ్లు తమ ట్యాంకర్లు మూడు అద్దెకిస్తామన్నారు. ఆ కబురు తెలిశాక అమెరికా ఆలస్యం చేయలేదు. 11 కువైట్ ట్యాంకర్లకు తన జెండా కట్టి యుద్ధనౌకల్ని తోడు పంపింది. జులైలో మొదటి ప్రయాణంలోనే బ్రిడ్జిటన్ అనే పెద్ద ట్యాంకర్‌కు మైను తగిలింది. నాలుగు లక్షల టన్నుల ఓడ కాబట్టి తట్టుకుంది. అదే మైను యుద్ధనౌకకు తగిలి ఉంటే తట్టుకునేది కాదు. అందుకని కాపలాకొచ్చిన యుద్ధనౌకలే ఆ ట్యాంకర్ వెనకాల వరసగా నడిచాయి. ఈ వార్త మేం మెస్ రూంలో రేడియోలో విన్నాం. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

అప్పట్లో కూడా అమెరికా వాడుకునే చమురులో గల్ఫ్ నుంచి వచ్చేది కొద్దిభాగమే. అయినా వచ్చింది. ఎందుకంటే ఆ దారి మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు. చిన్నప్పుడు మల్కాపురంలో మా వీధికంతటికీ ఒకే కుళాయి. పెరట్లో సొంత నుయ్యి ఉన్న ఆసామి ఒకాయన కుళాయి దగ్గర ఎప్పుడూ తన మనిషిని కూర్చోబెట్టేవాడు. ఆయన ఇంటికి ఆ నీళ్లు అక్కర్లేదు. కానీ వీధిలో మిగతా అందరికీ కావాలి. ఎవరి బిందె ముందో, ఎవరిది వెనకో చెప్పగలిగినవాడి మాటకు వీధిలో ఎదురుండేది కాదు.

హోర్ముజ్ అలాంటి చోటు. అతి సన్నగా ఉన్నచోట వెడల్పు 33 కిలోమీటర్లు. ఓడలు నడిచే దారి రానూ పోనూ తలా మూడు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. ప్రపంచం రోజూ వాడే చమురులో దాదాపు అయిదో వంతు అందులోంచి వచ్చేది. అందులో ఎక్కువభాగం మన వైపే వస్తుంది: చైనా, ఇండియా, జపాన్, కొరియా. అక్కడ ఒక్క ఓడకు నిప్పంటుకుంటే టెక్సాస్‌లో కూడా ధర పెరుగుతుంది, ఎందుకంటే చమురుకు ప్రపంచమంతా ఒకటే బజారు. కాబట్టి 2018 నుంచి అందరికంటే ఎక్కువ క్రూడ్ తీస్తున్నా అమెరికాకు అక్కడ కాపలా మానాలనిపించదు. బహ్రెయిన్‌లో అయిదో నౌకాదళాన్ని పెట్టుకుని కూర్చుంది.

ఇది అమెరికాతో మొదలైంది కూడా కాదు. తన నౌకాదళాన్ని బొగ్గు నుంచి చమురుకు మార్చుకుంటున్న బ్రిటన్, 1914లో పర్షియా (ఇప్పటి ఇరాన్) చమురు కంపెనీలో సగానికి పైగా వాటా కొంది. అదే ఏడాది నవంబర్‌లో బస్రా వైపు సైన్యాన్ని దింపింది. ఆ పక్కనే పర్షియాలో ఉన్న అబాదాన్ రిఫైనరీని, పైపులైనును కాపాడుకోవడం ఆ దండయాత్రకు ఒక కారణం. దిగినవాళ్లలో ఎక్కువమంది మన సిపాయిలే. ఆ ఎడారిలో రోగాలతో, ఆకలితో చనిపోయిన మనవాళ్ల గురించి మన పాఠ్యపుస్తకాల్లో నాలుగు వాక్యాలు కూడా లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

అమెరికా వంతు 1945లో వచ్చింది. ఫిబ్రవరి 14న సూయజ్ కాలువ దారిలో ఒక యుద్ధనౌక మీద అధ్యక్షుడు రూజ్వెల్ట్ సౌదీ రాజు ఇబ్న్ సౌద్‌ను కలిశాడు. సౌదీలో చమురు తీసిన రెండు అమెరికన్ కంపెనీలే కలిసి పెట్టిన మరో కంపెనీ కాల్టెక్స్. మన విశాఖ రిఫైనరీని 1957లో మొదలుపెట్టింది ఆ కాల్టెక్సే. మా నాన్న అందులో ఫిట్టరు. "రస్ తనూరా ఓడ వచ్చింది, ఇవాళ ఓటీ ఉంది" అని చెప్పి కేరేజీ పట్టుకుని వెళ్లిపోయేవాడు. ఆ పేరు వింటూ పెరిగాను. ప్రభుత్వం 1976లో దాన్ని తీసుకున్నా పాతవాళ్లు ఇప్పటికీ కాల్టెక్స్ అనే అంటారు.

ఇరాన్ మాత్రం తన చమురును తనే తీసుకుంటానంది. ప్రధాని మొసాదెఘ్ 1951లో జాతీయం చేశాడు. 1953 ఆగస్టులో అమెరికా, బ్రిటన్ గూఢచారి సంస్థలు కలిసి ఆయన్ను దింపేశాయి. ఇవాళ అమెరికా పేరెత్తితే ఇరాన్‌లో కనిపించే కోపానికి వేర్లు అక్కడున్నాయి. 1979లో ఇరాన్ రాజు షా పారిపోయాడు, డిసెంబర్‌లో సోవియట్ సైన్యం అఫ్ఘానిస్థాన్‌లోకి దిగింది. నెల తిరక్కుండా, 1980 జనవరిలో అధ్యక్షుడు కార్టర్ బహిరంగంగానే ప్రకటించాడు: గల్ఫ్ మీద బయటి శక్తి ఏదైనా పట్టు సంపాదించాలని చూస్తే సైనికబలంతో సహా ఏ మార్గంతోనైనా అడ్డుకుంటాం అని. దాచిపెట్టిన రహస్యం కాదమ్మా ఇది. వాళ్ల నోటితో వాళ్లే చెప్పారు.

చమురు ఒక్కటే కారణమని మాత్రం నేననను. ఇజ్రాయెల్ ఉంది, ఇరాన్ అణు కార్యక్రమం గొడవ ఉంది, గల్ఫ్ రాజులు కొనే ఆయుధాలున్నాయి. కానీ చమురే లేకపోతే గల్ఫ్‌లో ఇన్ని దశాబ్దాలు ఇంత సైన్యాన్ని నిలబెట్టేవారని నేననుకోను.

మీ అల్లుడికి ఒక మాట చెప్పండి. ఉద్యోగ ఒప్పందంలో యుద్ధ ప్రాంతాల గురించి రాసిన పేజీ ముందే చదువుకోమనండి. చాలా అంతర్జాతీయ ఒప్పందాల్లో, అలా ప్రకటించిన ప్రాంతానికి వెళ్లనని చెప్పే హక్కు నావికుడికి ఉంటుంది. వెళ్తే అదనపు జీతం ఉంటుంది. అడగడానికి మొహమాటపడొద్దు. మన నౌకాదళం కూడా 2019 నుంచి ఆ వైపు మన జెండా ఉన్న ఓడలకు తోడుగా తిరుగుతోంది. హోర్ముజ్ బయట ఉన్న ఫుజైరా రేవు దాటగానే అమ్మాయికి మెసేజ్ పెట్టమనండి. 1987లో నేను రాసిన ఉత్తరం మా అమ్మకు చేరడానికి పందొమ్మిది రోజులు పట్టింది.

ప్రశ్న: 2003లో అమెరికా ఇరాక్ మీదికి వెళ్లింది చమురు దోచుకోవడానికే అంటారు. నిజమేనా సార్?
- డిగ్రీ విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: బాబూ, దోపిడీ అనే మాట దగ్గర కాస్త ఆగు. భయంకరమైన ఆయుధాలున్నాయని చెప్పి వెళ్లారు, అవి దొరకలేదు. బాగ్దాద్‌లో మ్యూజియం లూటీ అవుతుంటే అమెరికా సైనికులు చమురు మంత్రిత్వ శాఖ దగ్గర కాపలా ఉన్నారు. ఇది చూసినవాళ్లు అలా అనుకోవడంలో తప్పులేదు. కానీ 2009లో ఇరాక్ తన అతిపెద్ద క్షేత్రం రుమైలాను వేలం వేసినప్పుడు అది దక్కింది బ్రిటన్‌కు చెందిన బీపీకి, చైనా ప్రభుత్వ కంపెనీకి. అంత రక్తం పారాక చమురు ఎక్కువగా చేరింది ఆసియా రేవులకే.

మన విశాఖ రేవు సంగతే చూడు. డాల్ఫిన్స్ నోస్ కొండ అవతల లోవ గార్డెన్స్ దగ్గర కొండ తొలిచి 13.3 లక్షల టన్నుల క్రూడ్ పట్టే గుహలు కట్టారు. కష్టకాలంలో దేశం వాడుకోవడానికి దాచే నిల్వ అది. దేశమంతా వాడుకుంటే రెండు రోజులకు కాస్త అటూ ఇటూ వస్తుంది. 2015లో అందులో మొదట నింపింది ఇరాక్ నుంచి వచ్చిన బస్రా క్రూడే.