తెర ఎప్పుడు ఆర్పాలో ముందు తేల్చుకో

అనంతపురం

పాపకు పెద్దనాయన ఆశీస్సులు.

నువ్వు పంపిన నాటకం స్క్రిప్టు చదివినాను. హర్డిల్స్ పరిగెత్తి, ఓడి కుంగిపోయే పిల్ల, వాళ్ల నాయన, కోచ్, ముగ్గురూ మన జిల్లా మనుషుల్లాగే మాట్లాడుతున్నారు. మాటల జోలికి నేను పోను. పక్కన పెన్సిలుతో రాసుకున్న వీడియో క్యూలు, అంటే ఎప్పుడు తెర మీద ఏ బొమ్మ వెయ్యాలో ఆ గుర్తులు, చూస్తేనే భయమేసింది. గంటన్నర నాటకంలో తెర ఒక్క నిమిషం ఖాళీగా లేదు. పగిలిన అద్దం, వాన, గిరగిరా తిరిగే మెదడు, నీళ్లలో మునిగిపోయే అమ్మాయి. ఇవన్నీ కొట్టెయ్. ఆ పిల్ల మనసులో ఏముందో తెరే చెప్పేస్తే ముందర నిలబడిన నటికి ఇంక పనేముంటుంది?

నా లెక్క ఒకటే. లోకం ఆమె మీద వేసేదంతా తెర మీదికి పోవాల: స్కోరుబోర్డు, గడియారం, ఫోన్లో కామెంట్లు, పేపర్లో ఫోటో. లోపల జరిగేదంతా నటి ఒంట్లో ఉండాల. ఈ గీత గీసుకుంటే ఏ క్యూ ఉంచాలో, ఏది తీసెయ్యాలో నీకే తెలిసిపోతుంది.

కోచ్ 1984 లాస్ ఏంజిలెస్ ఒలింపిక్స్ సంగతి చెప్పే సీను తీసుకో. నాలుగు వందల మీటర్ల హర్డిల్స్‌లో పి.టి. ఉష 55.42 సెకన్లు, కాంస్యం గెలిచిన రుమేనియా అమ్మాయి 55.41. అక్కడ ఫినిషింగ్ లైన్ వీడియో స్లో మోషన్లో వెయ్యాలని రాసినావు. మామూలు వీడియోలో సెకనుకు 25 ఫ్రేములు. అంటే ఒక్కో ఫ్రేము సెకనులో నూటికి నాలుగు వంతులు. ఉష పోగొట్టుకున్నది అందులో పావు వంతు. నీ ప్రొజెక్టరుకు అందని కాలం అది. అందుకని వీడియో వద్దు. నల్లటి తెర మీద తెల్లగా 55.42 అని ఒక్క అంకె వెయ్యి. రెండోది కోచ్ నోటితో రానీ. ఆ అంకె కింద కూర్చుని పిల్ల షూ లేసు కట్టుకుంటుంది, విప్పుతుంది, మళ్లీ కట్టుకుంటుంది. చాలు.

నాయన కోపం కోసం యానిమేషన్ చేయిస్తానన్నావు. ఆ డబ్బు మిగుల్చుకో. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు పొయ్యి, తోలుబొమ్మలాట తెర వెనక ఒక పూట కూర్చో. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది ఆ ఊరి విద్యకే. బొమ్మ గుడ్డకు ఆనించి ఉన్నంతసేపూ కన్ను, ముక్కు, నగల చిల్లులు అన్నీ కత్తితో కోసినట్టు కనిపిస్తాయి. దీపం వైపు వెనక్కి లాగేకొద్దీ నీడ పెద్దదై, అంచులు చెదిరి, మనిషి రూపు పోతుంది. నాయనను కూడా అట్లాగే తెర వెనక నిలబెట్టు. నేల మీద ఒక చిన్న ఎల్ఈడీ బల్బు పెట్టు, పైన పాలరంగు మూత లేనిది, వెలుగు ఒక్క చుక్క నుంచి రావాల. "నీకేం తక్కువ చేసినాను?" అంటూ ఆయన బల్బు వైపు ఒక్కో అడుగు వెనక్కి వేస్తే నీడ గోడంత అవుతుంది. కొలతలు మాత్రం రిహార్సల్లోనే సుద్దముక్కతో నేల మీద గుర్తు పెట్టుకోండి.

1885లో కడప జిల్లా సురభిలో మొదలైన నాటకాల వాళ్లు రంగుల తెరలతో, తీగలతో ఎన్ని మాయలు చేసినారో నీకు చెప్పాల్సిన పని లేదు. 1958లో బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శనలో చెక్ రంగస్థల రూపశిల్పి స్వొబోడా బృందం సినిమానూ నటులనూ కలిపి ఆడింది. కాబట్టి తెర పెట్టినంత మాత్రాన ఎవ్వరూ నోరెళ్లబెట్టరు.

లలితకళా పరిషత్తులో వేస్తున్నావు కాబట్టి ముందు స్టేజీని టేపుతో కొలువు. ప్రొజెక్టరు త్రో, అంటే బొమ్మ వెడల్పుకు ఎన్ని రెట్ల దూరం కావాలో ఆ లెక్క, 1.5 అయితే 12 అడుగుల వెడల్పు బొమ్మకు 18 అడుగుల దూరం కావాల. తెర వెనక అంత చోటు లేకపోతే దగ్గర నుంచే పెద్ద బొమ్మ వేసే షార్ట్ త్రో ప్రొజెక్టరు అడుగు. ముందు నుంచి వేస్తే నటి నెత్తిన అంకెలు పడతాయి. ముందు లైట్లు తగ్గించి, నటులకు వింగుల్లో నుంచి పక్క లైట్లు ఇవ్వు. లేకుంటే ఎంత ఖరీదైన ప్రొజెక్టరైనా వెలిసిపోయినట్టే ఉంటుంది. ప్రొజెక్టరుకు నలుపు వెయ్యడం చేతకాదు, బూడిద రంగే వస్తుంది. అందుకే తెర ఖాళీగా ఉండాల్సినప్పుడల్లా లెన్సు ముందు అట్ట మూత పడాల. దానికి ఒక మనిషిని పెట్టు. అతనికి వేరే పని చెప్పొద్దు.

కామెంట్లు పెద్ద అక్షరాల్లో, తెలుగులో, ఒక్కొక్కటిగా రావాల. అవి వచ్చేటప్పుడు డైలాగు పెట్టొద్దు. చదివే జనం వినరు.

అమెరికా జిమ్నాస్టు సిమోన్ బైల్స్ సీనులో తెర అంతా తిప్పుతానన్నావు. 2021 జులైలో, టోక్యో ఒలింపిక్స్ టీమ్ ఫైనల్లో, గాల్లో తన ఒళ్లు ఎక్కడుందో ఆమెకే తెలియకుండా పోయింది. రెండున్నర మెలికలు తిరగాల్సిన చోట ఒకటిన్నరే తిరిగి దిగి, పోటీ నుంచి తప్పుకుంది. తెర తిప్పితే కళ్లు తిరిగేది మూడో వరసలో కూర్చున్న ముసలాయనకు, ఆమెకు కాదు. తెర కదలకుండా పెట్టి, లైటు వచ్చే దిక్కు మార్చు. ఎడమ నుంచి వస్తున్నది ఉన్నట్టుండి కింది నుంచి వస్తే, నిలబడిన మనిషికి నేల పోయినట్టే ఉంటుంది. టపటపా వెలిగి ఆరే స్ట్రోబు లైటు మాత్రం వద్దే వద్దు. మూర్ఛ ఉన్నవాళ్లకు ప్రమాదం.

ఇంకొకటి. నీ నాటకంలో పిల్ల ఓడినాకనే కుంగిపోతుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్ షూటింగ్‌లో స్వర్ణం కొట్టినాక తనను కమ్ముకున్న శూన్యం గురించి అభినవ్ బింద్రా బాహాటంగానే చెప్పుకున్నాడు. రాష్ట్రస్థాయి పతకం తెచ్చిన రాత్రి సీను ఒకటి పెట్టు. చప్పట్లు ఆగుతాయి, లెన్సుకు మూత పడుతుంది, ఆ పిల్ల పతకాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఇల్లంతా చూస్తుంది. నన్నడిగితే ఈ నాటకానికి అదే పెద్ద సీను.

చావు ఆలోచన వచ్చే చోట తాడు, మాత్రలు, బావి, ఏదీ తెర మీద గానీ మాటల్లో గానీ చూపించొద్దు. స్పోర్ట్స్ స్కూలు పిల్లలు కూడా చూస్తారు కదా. ఎవరైనా మానసిక వైద్యులను రిహార్సల్‌కు పిలిచి ఆ పేజీలు వినిపించు. మనసు బాగాలేనివాళ్లు ఫోన్ చేసే సర్కారు సహాయ లైను టెలి మానస్ 14416 నంబరు కరపత్రంలో మూలన కాకుండా, ఆట అయినాక తెర మీద వెయ్యి. జనం లేచి బయటికి పోయేదాకా ఉంచు.

ఆదివారం గుడ్డ, బల్బు పట్టుకుని మా మిద్దె మీదికి రా. నాయన వేషగాణ్ణి కూడా తీసుకురా, ఆయన పొడుగును బట్టే బల్బు ఎక్కడ పెట్టాలో తేలేది. పొద్దు గూకినాకనే రండి, వెలుతురుంటే నీడ తెలియదు.

మీ పెద్దనాయన