కానిస్టేబుల్ అధికారాలకు కోత పెడతారట, మా అబ్బాయి ఆ పదవిలో ఉండాలా?

ప్రశ్న: మేం అమెరికాలో, పెన్సిల్వేనియాలో ఉంటున్నాం. మా అబ్బాయికి 24 ఏళ్లు, ఇక్కడే పుట్టాడు. క్రిమినల్ జస్టిస్‌లో డిగ్రీ చేసి మా టౌన్‌షిప్‌లో కానిస్టేబుల్‌గా ఎన్నికయ్యాడు. ఇప్పుడు కానిస్టేబుళ్ల అరెస్టు అధికారాన్ని తగ్గించే బిల్లు వస్తుందని వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటున్నారు. వాడేమో రాష్ట్ర రాజధాని హారిస్‌బర్గ్ వెళ్లి శాసనసభ కమిటీ ముందు మాట్లాడతానంటున్నాడు. ఈ గొడవలు మనకెందుకు, పోలీసు అకాడమీలో చేరిపో అని నేనంటున్నాను. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, వాడిని వెళ్లి మాట్లాడనివ్వండి. అకాడమీ గురించి మీరు అన్నదీ మంచి మాటే, దాని సంగతి చివర్లో చెబుతాను.

మన ఊళ్ల నుంచి చదివేవాళ్ల కోసం కొంచెం వివరం. పెన్సిల్వేనియాలో కానిస్టేబుల్ అంటే రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్ష రాసి స్టేషన్‌లో చేరే ఉద్యోగి కాదు. బరో, టౌన్‌షిప్ (అక్కడి చిన్న స్థానిక పాలనా విభాగాలు), వార్డు స్థాయిలో జనం ఓటేసి ఆరేళ్లకు ఎన్నుకుంటారు. నెల జీతం లేదు. వారెంటు అమలు చేస్తే ఇంత, కోర్టు నోటీసు అందిస్తే ఇంత, ఖైదీని తీసుకెళ్తే ఇంత అని చట్టంలో ఫీజులు రాసి ఉన్నాయి, రాబడి అదే.

అరెస్టు అధికారం వీళ్లకెందుకు అంటే, ఇల్లు ఖాళీ చేయించే పని చూడండి. అద్దె బాకీ కేసులో మేజిస్టీరియల్ డిస్ట్రిక్ట్ జడ్జి (చిన్న కేసులు చూసే స్థానిక జడ్జి) ఇచ్చిన ఆర్డరు పట్టుకుని తలుపు కొట్టేది చాలాసార్లు కానిస్టేబులే. ఆ కాగితం అందాక ఖాళీ చేయడానికి 10 రోజుల గడువు ఉంటుంది. గడువు దాటాక కూడా కదలకపోతే మళ్లీ వెళ్లి, సామాను సర్దుకునేదాకా నిలబడి, వాళ్లని బయటికి పంపాల్సిందీ ఆయనే. లోపల పసిపిల్లలు ఏడుస్తూ ఉండొచ్చు, తాగి ఊగిపోతున్న మనిషి ఉండొచ్చు. ఎవరైనా ఓనరు మీద చేయి చేసుకుంటే అక్కడికక్కడ ఆపే అధికారం లేకుండా ఒక మనిషిని ఆ గుమ్మం దాకా పంపడం చాలా తప్పు. కళ్లెదుట శాంతిభంగం జరిగితే అరెస్టు చేసే అధికారం కానిస్టేబుళ్లకు కామన్ లా (పాత తీర్పులు, ఆచారాల మీద నిలిచిన ఇంగ్లిష్ చట్ట సంప్రదాయం) కాలం నుంచీ ఉంది. మీవాడు పోరాడుతున్నది దాని కోసమైతే నేను పూర్తిగా వాడి పక్షమే. సొంత పోలీసు లేక స్టేట్ పోలీసుల మీదే ఆధారపడే టౌన్‌షిప్‌లు ఆ రాష్ట్రంలో చాలా ఉన్నాయి. కానిస్టేబుల్ చేతులు కట్టేస్తే ఆ భారమంతా స్టేట్ పోలీసుల మీద పడుతుంది. ఎన్నికల రోజు సంగతీ ఉంది. మామూలుగా పోలీసులు పోలింగ్ కేంద్రానికి 100 అడుగుల దూరంలో ఉండాలి, అక్కడ శాంతి కాపాడే బాధ్యత కానిస్టేబుల్‌ది.

అయితే కమిటీ ముందు ఏం అడుగుతాడన్నది ముఖ్యం. రోడ్డు మీద కార్లు ఆపే అధికారం కూడా కావాలని మాత్రం అడగొద్దని చెప్పండి. వెహికల్ కోడ్ (రాష్ట్ర ట్రాఫిక్ చట్టం) అమలు చేసే అధికారం కానిస్టేబుళ్లకు లేదని 1998లో కామన్వెల్త్ వర్సెస్ రూస్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చేసింది. అది న్యాయమేనని నా అభిప్రాయం. కానిస్టేబుల్ బేసిక్ ట్రైనింగ్ 80 గంటలు, తుపాకీ శిక్షణ వేరే. మునిసిపల్ పోలీసు శిక్షణ 900 గంటలు దాటుతుంది.

ఇంకో కేసు వాడు తప్పక చదవాలి. కానిస్టేబుళ్లను కోర్టుల పర్యవేక్షణలోకి తెచ్చిన 1990 నాటి చట్టాన్ని 1991లో అదే సుప్రీంకోర్టు కొట్టేసింది. వీళ్లు కార్యనిర్వాహక విభాగానికి చెందినవాళ్లు, జడ్జీల అజమాయిషీలో పెట్టడం అధికారాల విభజనకు విరుద్ధం అంది. మరి వీళ్ల పని రోజూ ఎవరు చూడాలి, తప్పు చేస్తే జనం ఎవరికి చెప్పుకోవాలి? సరైన జవాబు దొరకనంత కాలం కోత పెట్టాలనే మాటలు వస్తూనే ఉంటాయి. 2014లో రాష్ట్ర శాసనసభకు పరిశోధన చేసిపెట్టే జాయింట్ స్టేట్ గవర్నమెంట్ కమిషన్ కానిస్టేబుళ్ల చట్టాల సంస్కరణ మీద నివేదిక ఇచ్చింది. అది చదివి వెళ్లమనండి. ఫిర్యాదులు వినే వ్యవస్థ పెట్టండి, శిక్షణ గంటలు పెంచండి, మా అరెస్టు అధికారం ఉంచండి అని తానే ముందుగా అడిగితే ఆ మాటకు బరువుంటుంది. తాను అమలు చేసిన వారెంట్ల లెక్క, ఎన్నింటిలో గొడవ లేకుండా పని అయిందో కాగితం మీద రాసుకుని వెళ్లాలి. ఆవేశంగా మాట్లాడి వస్తే ఉపయోగం లేదు.

ఇక మీ భయం గురించి. బిల్లు వచ్చినా రాకపోయినా ఈ ఫీజుల మీదే బతకమని నేను చెప్పను. పనిని బట్టే డబ్బు, పైగా వృత్తిపరమైన బాధ్యత బీమా తానే కొనుక్కోవాలి, అది లేకుండా కోర్టు పని చేయకూడదు. వాడు మీ హెల్త్ ఇన్సూరెన్స్ ప్లాన్‌లో ఉంటే 26 ఏళ్లు నిండేదాకా కొనసాగొచ్చు. కాబట్టి చేతిలో ఉన్నది రెండేళ్లు. ఈలోగా సొంత ఖర్చుతో పోలీసు అకాడమీకి అప్లై చేయమనండి, కౌంటీ షెరిఫ్ ఆఫీసులో డిప్యూటీ పోస్టులు, ప్రొబేషన్ ఆఫీసరు పోస్టులు చూస్తూ ఉండమనండి. ఏదైనా ఆఫర్ వస్తే, ఆ ఉద్యోగంతో పాటు కానిస్టేబుల్ పదవిలో ఉండొచ్చో లేదో సంతకం పెట్టే ముందే లాయర్‌ని అడగాలి.