షుగర్ అంటే ఒప్పుకోరు, కోపం మాత్రం పిల్లల మీద

ప్రశ్న: మాది గాజువాక. మావారికి 47 ఏళ్లు, ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజర్. రెండు నెలల కిందట పరగడుపున షుగర్ 192 వచ్చింది. 'ల్యాబ్ వాళ్లదే తప్పు, మా ఇంట్లో ఎవరికీ షుగర్ లేదు' అని రిపోర్టును బీరువాలో పాలసీ కాగితాల కింద పెట్టేశారు. అప్పటి నుంచి పిల్లల మీద ఒకటే అరుపులు. మొన్న అన్నం పలుకయిందని కంచం తోసేశారు. ఇది మానసిక జబ్బా డాక్టర్ గారూ?

సలహా: ఇది జబ్బు కాదమ్మా. మింగుడుపడని విషయం ఎదురైనప్పుడు మనసు తనకు తెలియకుండానే ఓ అడ్డు కట్టుకుంటుంది. బీఈడీ చదివినవాళ్లకు 'రక్షక తంత్రాలు'గా ఇవి పరిచయమే. 1894లో మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ ఈ ఆలోచన ముందుకు తెస్తే, ఆయన కూతురు ఆనా ఫ్రాయిడ్ 1936లో వాటిని విడమరిచి చెప్పారు.

ల్యాబ్ తప్పు అనడం నిరాకరణ. మీవారు అబద్ధమాడుతున్నారనుకోకండి, ఆయన నిజంగానే అలా నమ్ముతుండొచ్చు. అంతెందుకు, ఒకసారి నాకే బీపీ ఎక్కువ చూపిస్తే మిషన్ బ్యాటరీలు మార్చి మళ్లీ చూసుకున్నాను. అంతే వచ్చింది. మా ఆవిడకు వారం దాకా చెప్పలేదు!

ఇక కంచం సంగతి. అత్త మీద కోపం దుత్త మీద అంటామే, దాన్నే పుస్తకాల్లో విస్థాపనం అంటారు. అన్నం మెత్తగా ఉడికినా ఆ రోజు ఇంకేదో వంక దొరికేది.

చెడు కబురు విన్న కొత్తలో ఈ అడ్డు మనిషిని నిలబెడుతుంది కూడా. కానీ రెండు నెలలైంది, షుగర్ మనం ఒప్పుకునేదాకా ఆగదు.

వాదనకు దిగకండి. ఆయన మాటే పట్టుకోండి: 'సరే, ఇంకో ల్యాబ్‌లో చేయిద్దాం, తప్పయితే తేలిపోతుంది' అనండి. ఇది బుజ్జగింపు కాదు. లక్షణాలు లేనివారికి పరీక్ష మళ్లీ చేసి ఖాయం చేసుకోవడం మా పద్ధతే. పరగడుపున 126 గానీ, హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్షలో 6.5 శాతం గానీ, అంతకు మించి గానీ వస్తే షుగర్ ఉన్నట్టే. హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల షుగర్ సగటు కాబట్టి 'ముందురోజు పెళ్లి భోజనం తిన్నాను' అనే సాకు అక్కడ చెల్లదు. విపరీతమైన దాహం, రాత్రిళ్లు పదేపదే మూత్రం, బరువు తగ్గడం ఉంటే మాత్రం ఇక ఆగకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

పిల్లలకు 'నాన్నకు టెన్షన్‌గా ఉంది, తప్పు మీది కాదు' అని చెప్పండి. ఆయన చేయి చేసుకున్నా, తాగుడు పెరిగినా, నిద్ర కరవైనా, బతికేం లాభం అన్నా మానసిక వైద్యులకు చూపించాలి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

పాత రిపోర్టు తీసి ఆయన ముందు పెట్టకండి. కొత్త పరీక్ష అయ్యాక డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీ బ్యాగులో వేసుకెళ్తే చాలు, రెండూ పక్కపక్కన పెట్టి డాక్టరే చూస్తారు.