ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ఫొటో కంపెనీ సొంతమైపోతుందా?

అవ్వదు. కాపీరైట్ మామూలుగా ఫొటో తీసినవాళ్లదే. కానీ ఖాతా తెరిచేటప్పుడు మనం చదవకుండా ఒప్పుకునే నిబంధనల్లో లైసెన్స్ ఇచ్చేస్తాం: ప్రపంచమంతటా, పైసా ఇవ్వకుండా వాడుకోవచ్చు, ఆ హక్కు ఇంకొకరికీ ఇవ్వొచ్చు (దీన్నే సబ్‌లైసెన్స్ అంటారు). పాపాయి బారసాల ఫొటోను సర్వర్లో దాచి, సైజు తగ్గించి, అమెరికాలో ఉన్న పిన్ని ఫోన్లో చూపించాలంటే కొంత అనుమతి నిజంగానే కావాలి. అదే ఫొటో ఏ సబ్బు ప్రకటన పక్కనో కనిపిస్తే?

2012 డిసెంబరులో ఇన్‌స్టాగ్రామ్ తన కొత్త నిబంధనల్లో దాదాపు అదే రాసింది. వేరే కంపెనీల దగ్గర డబ్బు తీసుకుని మీ పేరు, ఫొటోలు ప్రకటనల్లో చూపిస్తాం, మీకేమీ ఇవ్వం అన్నది దాని సారాంశం. జనం మండిపడ్డారు. డిసెంబరు 20 నాటికి ప్రకటనల భాగాన్ని 2010 నాటి పాత రూపానికే మార్చేసింది. అందుకే నిబంధనల్లో ‘సబ్‌లైసెన్స్’, ‘ప్రకటనలు’ అన్న చోట్లయినా ఆగి చదవండి.