ఖాళీ బండికే కుదుపు ఎక్కువ: కట్టలు తీయించాలా?

ప్రశ్న: నా దగ్గర పదిహేనేళ్ల నాటి పికప్ వ్యాను ఉంది. ఆర్.ఉదయగిరి వైపు నుంచి పలాసకు జీడిపిక్కల లోడుతో వెళ్లేటప్పుడు సాఫీగానే నడుస్తుంది కాని, ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు వెనుక భాగం ఎగిరెగిరి పడి నడుము పట్టేస్తోంది. రెండు కమాను కట్టలు (ఇరుసు దగ్గర ఒకదానిపై ఒకటి పేర్చి బిగించిన ఉక్కు స్ప్రింగు పట్టీలు) తీసేస్తే మెత్తబడుతుందని మెకానిక్ అంటున్నారు. తీయించమంటారా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: తీయించవద్దు. వెనుక కట్టలు పూర్తి లోడును మోయడానికి అమర్చినవి కనుక ఖాళీ బండికి అవి పెద్దగా వంగవు. కొత్త బండిలోనూ ఈ గుణం కొంత ఉంటుంది. రెండు తీస్తే తిరుగు ప్రయాణం హాయిగానే ఉంటుంది కాని, మళ్లీ బస్తాలు ఎక్కించిన రోజున ఆ భారమంతా మిగిలిన కట్టల మీద పడుతుంది, ఘాట్ దిగుతుండగా ఇరుసును నిలిపి ఉంచే పెద్ద కట్ట విరిగితే ఇరుసే పక్కకు జరిగిపోవచ్చు. పైగా కొన్ని పికప్‌లలో వెనుక బ్రేకుల వాల్వు ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఉన్న ఎత్తును బట్టి పనిచేస్తుంది. ఆ ఎత్తు తగ్గితే అది ఖాళీ బండిని కూడా లోడు బండిగా లెక్కగట్టి వెనుక చక్రాలను పట్టేస్తుంది.

ఖర్చు లేని పని టైర్ల గాలి. లోడుకు పెట్టిన గాలితోనే ఖాళీగా వస్తున్నారేమో చూసుకోండి.

ఇంత పాత బండిలో నా మొదటి అనుమానం తుప్పు మీదనే. కట్టలు ఒకదానిపై ఒకటి జారితేనే కమాను వంగుతుంది; వానాకాలపు బురద సందుల్లో చేరి తుప్పు పట్టిందంటే అన్నీ కలిసి ఒకే దిమ్మెలా బిగుసుకుంటాయి. టార్చి వేసి పక్క నుంచి చూడండి. సందుల్లో ఎర్రటి పొడి కనిపిస్తే కట్టలు విప్పించి, వైరు బ్రష్‌తో గీకించి, గ్రాఫైట్ గ్రీజు పల్చగా రాయించండి. పొట్టి కట్ట కొన రాసుకుని పై కట్టలో లోతుగా గాడి పడి ఉంటే ఆ పై కట్టను మార్చవలసిందే; వెల్డింగు వేడికి ఉక్కు పదును పోతుంది కనుక అతికించే ఆలోచన వద్దు. కమానును ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు కొత్తవి వేయించి, కొన్ని లోడులు తిరిగాక మళ్లీ బిగింపించండి. షాకిల్ (కమాను కొనను ఛాసిస్‌కు కలిపే ఊగే లింకు) వద్ద రబ్బరు బుష్‌లు ఉంటే, వాటి బోల్టులను జాకీ దించి బండి చక్రాల మీద నిలిచిన తరువాతే బిగించాలి. జాకీ మీద ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి బిర్రుగా ఉంటుంది, త్వరగా చిరుగుతుంది కూడా. ఈ తొందరపాటు మన షెడ్లలో మామూలే. షాక్ అబ్జార్బర్ నూనె కక్కుతుంటే రెండు వైపులా మార్పించండి.

మీ బండి సెకండ్ హ్యాండ్‌దైతే మాత్రం కట్టలు లెక్కపెట్టి, అదే మోడల్ బండితో పోల్చి చూడండి. పాత యజమాని అధిక లోడు కోసం అదనంగా ఒకటి వేయించి ఉంటే, ఆ ఒక్కటి నిశ్చింతగా తీయించవచ్చు.