రోడ్డు వెడల్పు: సంతకం చేసే ముందు

నమస్కారం అండీ. రోడ్డు వెడల్పు కోసం అధికారులు మలక్‌పేటలో మీ 180 గజాల ఇంటి ప్రహరీ మీద ఎర్ర రంగుతో గీత గీసి, ముందువైపు 40 గజాలను ఉచితంగా ఇస్తున్నట్టు సమ్మతి పత్రం మీద సంతకం చేయమంటున్నారని రాశారు. దయచేసి ఆ సంతకం ఇప్పుడే చేయకండి.

ఇల్లు కట్టేటప్పుడు చుట్టూ ఇంత ఖాళీ వదలాలనేది నియంత్రణ మాత్రమే, దానికి సాధారణంగా పరిహారం ఉండదు. కానీ ఉన్న ఇంటి స్థలాన్ని కోసి రోడ్డులో కలుపుకోవడం స్వాధీనమే. 1978 నాటి రాజ్యాంగ 44వ సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుగా ఉండకుండా పోయినా, చట్టబద్ధంగా తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోరాదని 300ఎ అధికరణం చెబుతోంది. కోల్‌కతా నగరపాలక సంస్థ కేసులో 2024 మే నెలలో సుప్రీంకోర్టు ఈ రక్షణను విడమరచి, ముందస్తు నోటీసు, అభ్యంతరం వినడం, కారణాలతో కూడిన నిర్ణయం, న్యాయమైన పరిహారం అందులో భాగమేనని స్పష్టం చేసింది.

నగదుకు బదులు టీడీఆర్ పత్రం (ఇచ్చిన స్థలానికి బదులుగా వచ్చే, ఇతరులకు అమ్ముకోగల అదనపు నిర్మాణ హక్కు) ఇస్తామంటే, దాని అమ్ముడుపోయే ధర విచారించాకే ఒప్పుకోండి. నగదే కావాలంటే 2013 భూసేకరణ చట్టం ప్రకారం సేకరించమని రాతపూర్వకంగా అడగండి. అభ్యంతర పత్రం రెండు ప్రతులు తీసుకెళ్లి, మీ ప్రతి మీద తేదీతో స్వీకృతి ముద్ర తప్పక వేయించుకోండి, ఎందుకంటే రేపు హైకోర్టులో 226 అధికరణం కింద రిట్ వేయవలసి వస్తే మీకు ఆధారం అదే. గీత కనిపించేలా గోడ ఫొటోలు తీసి, రిజిస్టర్డ్ దస్తావేజు, ఇంటి అనుమతి ప్లాను జత చేయండి.

ఒకవేళ మీరు కొత్త నిర్మాణ అనుమతికి దరఖాస్తు చేసి ఉంటే విషయం వేరు. ఆ సంగతి తెలపండి.