ఒరిజినల్ మీద చెయ్యి వెయ్యకు

చిన్నా,

ఆశీస్సులు. పాత క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించావనీ, ఇప్పుడు వాటి మీద మన ఇంటిపేరుతో ఒక లోగో వేద్దామనుకుంటున్నావనీ మీ నాన్న చెప్పాడు. మంచిదే, వెయ్యి. కాకపోతే మొదలుపెట్టే ముందు నేను చేసిన తప్పు సంగతి విను.

నేనూ ఒకప్పుడు వేశాను. కింద కుడి మూలన, కాస్త పెద్దదే. చూడ్డానికి దర్జాగా ఉందని మురిసిపోయి, కొత్త ఫైల్ వచ్చేసింది కదా అని డిస్క్‌లో జాగా కోసం పాతది డిలీట్ చేశాను. మూడు నెలల తర్వాత తీరిగ్గా కూర్చుని మొత్తం చూస్తే, ఒకచోట మీ నానమ్మ గది మూలన కింద కూర్చుని ఉంది. ఎవరో ఏదో అన్నారు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. సరిగ్గా ఆ ముఖం మీదే నా లోగో. పదకొండు సెకన్లు. కెమెరా కనిపిస్తే చాలు బిగుసుకుపోయే మనిషి ఆవిడ. నవ్వుతూ దొరికింది ఆ ఒక్కసారే. ఒకసారి వీడియోలో కలిసిపోయాక లోగోని ఒలిచి తియ్యలేం. చెరిపే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయిగానీ, అవి చుట్టుపక్కల రంగులు తెచ్చి అక్కడ పులుముతాయంతే. కింద ఉన్న ముఖం తిరిగి రాదు.

అందుకని క్యాసెట్ నుంచి దిగిన ఫైళ్లు వేరే హార్డ్ డిస్క్‌లో పెట్టెయ్. లోగో పని కాపీ మీదే చెయ్యి.

ఇక బొమ్మ. అది పీఎన్‌జీ ఫైల్ అయి ఉండాలి. జేపెగ్‌లో పారదర్శకత అనేదే ఉండదు, లోగో వెనక తెల్లటి డబ్బా వచ్చి కూర్చుంటుంది. పీఎన్‌జీలో సాధారణంగా ప్రతి చుక్కకీ, అంటే పిక్సెల్‌కీ, అది ఎంత కనిపించాలో 0 నుంచి 255 దాకా ఒక అంకె ఉంటుంది, అందుకే అంచులు నున్నగా కలిసిపోతాయి. నెట్‌లో దొరికే కొన్ని బొమ్మల్లో బూడిదరంగు గళ్లు ఉంటాయి, పారదర్శకమేనని సంబరపడతాం. తీరా వేస్తే గళ్లతో సహా వస్తుంది! అలాగే లోగోని వాట్సాప్‌లో ఫొటోగా పంపించుకోకు, అది జేపెగ్ చేసేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపించుకో.

రంగు తెలుపు పెట్టు, చుట్టూ సన్నగా నల్లటి నీడ ఇవ్వు. ఎండలో తీసిన చోటా, చీకటి గదిలో తీసిన చోటా రెండింటా కనిపిస్తుంది. ఎరుపు వద్దు. మామూలు వీడియోలో వెలుతురు ప్రతి చుక్కకీ విడిగా ఉంటుందిగానీ రంగు నాలుగు చుక్కలకి కలిపి ఒకటే దాస్తారు, సన్నటి ఎర్ర అక్షరాలు అలుక్కుపోతాయి. వెడల్పు ఫ్రేమ్‌లో పదో వంతు మించనివ్వకు. ఒపాసిటీ, అంటే లోగో ఎంత గాఢంగా కనిపించాలనేది, ముప్పై, నలభై శాతం చాలు. వెతికితే కనిపించాలి, చూస్తుంటే అడ్డు రాకూడదు.

క్యాసెట్ వీడియోలతో ఇంకో తిరకాసు ఉంది. పాల్ అనే మన పాత టీవీ పద్ధతిలో తీసినవైతే ఫ్రేమ్ 720 బై 576 ఉంటుంది, కానీ తెర మీద నాలుగు బై మూడు కొలతకి సాగి కనిపిస్తుంది. నీ గుండ్రటి లోగో పడుకున్న గుడ్డులా తేలుతుంది. ఎడిటర్‌లో ప్రాజెక్ట్ సెట్టింగ్ వీడియోకి సరిపోయిందో లేదో ముందే చూసుకో. పాత వీహెచ్ఎస్ అయితే అట్టడుగున కొన్ని గీతలు చెదిరి వణుకుతుంటాయి, లోగోని వాటికి అంటించకుండా కాస్త పైకి జరుపు. ఏ మూల పెట్టాలనేది వీడియో మొత్తం ఒకసారి ఫాస్ట్‌గా తిప్పి చూశాక తేల్చుకో. మనుషులు కిందే కూర్చుంటారు, పై మూలలు చాలాసార్లు ఖాళీ.

సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టకు. షాట్‌కట్, కేడెన్‌లైవ్ రెండూ ఉచితమే. వీడియో కింది ట్రాక్‌లో, పీఎన్‌జీ పై ట్రాక్‌లో పెట్టి చివరిదాకా లాగితే అయిపోతుంది. ఫైళ్లు వందల్లో ఉంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ నేర్చుకో, అది కమాండ్లు టైప్ చేసి నడిపే ఉచిత ప్రోగ్రామ్. కమాండ్‌ని చిన్న స్క్రిప్ట్‌లో రాసి పెడితే ఫైళ్లన్నీ వరసగా చేసుకుపోతుంది, ఆడియోని ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు కాపీ చెయ్యమని కూడా చెప్పొచ్చు. ఫోన్ యాప్‌లు కొన్ని మన లోగోతో పాటు వాళ్ల లోగో కూడా వేసి ఇస్తాయి, అది మరీ బాగుంటుంది!

కత్తిరింపులూ లోగో అన్నీ కలిపి ఒకేసారి ఎక్స్‌పోర్ట్ చెయ్యి. చేసిన ప్రతిసారీ క్వాలిటీ కొంత పోతుంది. వీడియోని కుదించే ఎక్స్264లో సీఆర్ఎఫ్ అనే క్వాలిటీ అంకెని 18 దగ్గర పెడితే తేడా కంటికి దాదాపు ఆనదు.

ఎవరైనా దొంగిలిస్తారని వేస్తున్నావా? మూల కత్తిరించుకుపోయేవాణ్ణి ఏ లోగో ఆపదు. పిల్లలకి ఇది ఎవరింటి వీడియోనో తెలియాలంటే మాత్రం పనికొస్తుంది. దానికి ఇంటిపేరు పక్కన తీసిన సంవత్సరం కూడా చేర్చు.

ముందు ఒక ఇరవై సెకన్ల ముక్క చేసి నాకు పంపు. డాక్యుమెంట్‌గానే.

మీ పెద్దనాన్న